36 కిలోల కంట్రోల్ బియ్యం, తొమ్మిది కంచాలు: నెల గడిచేదెలా?

తొమ్మిది కంచాలు (మిర్యాలగూడ)
ఆగస్టు 4, రాత్రి 9:50

మా ఊరి చుట్టూ రైస్ మిల్లులే. మా ఆయన ఒక మిల్లులో హమాలీ. అయినా 20వ తేదీ వచ్చేసరికి మా ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనబడుతుంది.

ఇంట్లో తొమ్మిది మందిమి. అత్తమ్మ, మామయ్య, మా ఆయన, నేను, మా పాప ఆరో తరగతి, బాబు మూడో తరగతి. మా ఆడబిడ్డ భర్త పోయినేడు చనిపోయాడు. అప్పటి నుంచి ఆమె, ఆమె ఇద్దరు పిల్లలు మా దగ్గరే ఉంటున్నారు. పెద్దోడికి ఆరేళ్లు, చిన్నదానికి మూడున్నర.

రేషన్ కార్డులో మా ఆరుగురి పేర్లే ఉన్నాయి. మనిషికి 6 కిలోల లెక్కన 36 కిలోలు వస్తాయి. ఇదివరకు దొడ్డుబియ్యం ఇచ్చినప్పుడు దోసెలకు, పిండికి వాడి, అన్నానికి సన్నబియ్యం కొనేవాళ్లం. 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు కాబట్టి మూడు పూటలా అవే వండుతున్నాం. రోజుకు రెండుంపావు కిలో పడుతుంది. మిగతా 32 కిలోలు కొనాల్సిందే.

తిండికి నెలకు 9,000 తీయగలం. అంతకు మించి మా వల్ల కాదు. కానీ నెలనెలా కిరాణా ఖాతాలో రెండు వేలు మిగిలిపోతోంది. మూడు నెలల్లో 6,200 అయింది. నిన్న చింతపండుకు పాపను పంపితే షాపాయన ఇచ్చాడు గానీ, "నాన్నను ఒకసారి రమ్మను" అన్నాడట. పాప ఆ మాట నాకు చెప్పి, ఇంకేం మాట్లాడకుండా పుస్తకం ముందేసుకుని కూర్చుంది. నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఏది తగ్గించాలో, ఏది తగ్గించకూడదో తెలిసినవాళ్లు చెప్పండి. పిల్లల నోటి దగ్గరిది తీయాలని నాకు లేదు.

సర్వపిండి (హన్మకొండ)
ఆగస్టు 4, రాత్రి 10:20

చెల్లె, ఒక్క బియ్యం లెక్క చెబితే సరిపోదు. మొత్తం ఖర్చు రాయి. పాలెంత, నూనెంత, కూరగాయలెంత? మా ఇంట్లో కూడా ఒకప్పుడు పదకొండు మందిమి. బియ్యం వల్లే అప్పవుతుందని చాలా రోజులు అనుకున్నాం. లెక్క రాస్తే వేరే తేలింది.

కొట్టు బాబాయ్ (కోదాడ)
ఆగస్టు 5, ఉదయం 6:15

అమ్మా, నేను 22 ఏళ్లుగా చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాను. ఆ ఖాతా పుస్తకం ఇంటికి తెచ్చుకుని నెల మొత్తం చదువు. ఏ పద్దు ఎన్నిసార్లు పడిందో చూడు. ఎంత పడిందన్నది తర్వాత చూద్దువు గానీ, ముందు ఎన్నిసార్లన్నది చూడు.

తొమ్మిది కంచాలు
ఆగస్టు 5, మధ్యాహ్నం 2:05

తెచ్చి చూశాను బాబాయ్. ఆడబిడ్డ, నేను ఇద్దరం కూర్చుని రాశాం.

బియ్యం 32 కిలోలు 1,536. పాలు రోజుకు లీటరున్నర, నెలకు 2,700. నూనె ఏడు ప్యాకెట్లు 1,050. కూరగాయలు దాదాపు 2,000. కందిపప్పు 5 కిలోలు 600. గుడ్లు రెండు ట్రేలు 380. చక్కెర, చాయ్ పత్తి, కారం, చింతపండు, బొంబాయి రవ్వ, రెండు ఆదివారాలు చికెన్, అన్నీ కలిపి 1,500.

ఇవి కాక పుస్తకంలో ప్రతి రోజూ "పిల్లలు 20" అని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రాసి ఉంది. నలుగురికీ తలా ఒక 5 రూపాయల చిప్స్ ప్యాకెట్. నెలకు 1,200. చూసి ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మొత్తం దాదాపు 11,000 అయింది.

కొట్టు బాబాయ్
ఆగస్టు 5, రాత్రి 9:30

నాకు తెలిసి ఏ పెద్ద కుటుంబం ఖాతా చూసినా ఇలాగే ఉంటుందమ్మా. నీ లెక్కలో కందిపప్పు 600, చిప్స్ ప్యాకెట్లు 1,200. అంటే పప్పుకు రెట్టింపు. నా కొట్టుకు లాభం ఆ ప్యాకెట్ల మీదే వస్తుంది, అయినా చెబుతున్నాను, ముందు అవి ఆపండి. పిల్లలు మూడు రోజులు ఏడుస్తారు, నాలుగో రోజు ఇంట్లో ఏం పెడితే అది తింటారు. కానీ సాయంత్రం ఆ టైముకు చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. ఖాళీ చేతికి పంపితే మళ్లీ కొట్టుకే వస్తారు.

నూనె దగ్గర ఒక మాట. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. ఇప్పుడు చూడటానికి లీటరు ప్యాకెట్ లాగే ఉండి 850 గ్రాములో, ఇంకా తక్కువో ఉన్నవి కూడా వస్తున్నాయి. 4 రూపాయలు తక్కువని అది తీసుకుంటే నష్టం. ప్యాకెట్ వెనక బరువు చదివి కొనండి. చాయ్ పత్తి, కారం లాంటివి చిన్న ప్యాకెట్లలో చాలావరకు ఖరీదే.

ఇంకొకటి. మీ ఆయనను ఆ షాపాయన దగ్గరికి పంపండి. నాన్నను రమ్మన్నాడంటే గొడవకే అనుకోవద్దు. నెలకు 500 కడతామని ఎదురుగా నిలబడి చెబితే చాలు. మేం భయపడేది అప్పు ఉన్నవాళ్లను చూసి కాదు, ముఖం చాటేసేవాళ్లను చూసి. పాపను మాత్రం ఇక ఖాతాకు పంపకండి.

పాత డీలర్ (జనగామ)
ఆగస్టు 6, ఉదయం 7:40

నేను రేషన్ షాపు నడిపి మానేసినవాణ్ని. ఈ అమ్మాయి లెక్కలో అందరూ వదిలేసినది ఒకటుంది. ఆడబిడ్డ, ఆమె ఇద్దరు పిల్లలు, అంటే మూడు యూనిట్లు, 18 కిలోలు. ఆ పేర్లు ఏ కార్డులో ఉన్నాయి?

తొమ్మిది కంచాలు
ఆగస్టు 6, ఉదయం 11:10

వాళ్ల అత్తగారింటి కార్డులో ఉన్నాయి. సూర్యాపేట దగ్గర పల్లె. ఆ బియ్యం వాళ్లే తీసుకుంటున్నారు. అడగాలంటే మా ఆడబిడ్డకు మొహమాటం. కొడుకు పోయిన ఇల్లు, ఈ సమయంలో బియ్యం కోసం ఫోన్ చేస్తే ఏమనుకుంటారో అని.

పాత డీలర్
ఆగస్టు 6, మధ్యాహ్నం 12:30

ఆమె బాధ నాకు అర్థమైంది. కానీ ఆ 18 కిలోలు ఎవరి దయా కాదు, ఆ ముగ్గురి పేరు మీద వచ్చేవి. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం మనిషికి నెలకు 5 కిలోలు హక్కు. తెలంగాణ ప్రభుత్వం ఇంకో కిలో కలిపి 6 ఇస్తోంది. 2023 జనవరి నుంచి కేంద్రం వాటా ఉచితం. 2024 జనవరి నుంచి దాన్ని ఇంకో ఐదేళ్లు పొడిగించారు.

చేయాల్సింది ఇది. ఆ పాత కార్డులో నుంచి ముగ్గురి పేర్లు తీయించాలి. మీ సేవలో మెంబర్ డిలీషన్‌కు అప్లికేషన్ పెట్టాలి. అక్కడ పేరు ఉన్నంతవరకు ఇక్కడ ఎక్కదు. చాలామంది ముందు ఇక్కడ అడిషన్‌కు పెట్టి, అది రిజెక్టయ్యి, నెలలు పోగొట్టుకుంటారు. డిలీషన్ అయ్యాక రెండు దారులున్నాయి. మీ కార్డులో చేర్చుకోవచ్చు, లేదా ఆమె పేరు మీద వేరే కార్డుకు పెట్టుకోవచ్చు. చట్టంలోనే ఉంది, ఇంట్లో 18 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో పెద్దామె పేరు మీదే కార్డు ఉండాలి. ఆమె ఇద్దరు పిల్లలున్న ఒంటరి మహిళ. నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డు వస్తే మనుషుల లెక్కతో సంబంధం లేకుండా నెలకు 35 కిలోలు. ఆ కార్డుల సంఖ్యకు పరిమితి ఉంటుంది కాబట్టి తప్పకుండా వస్తుందని చెప్పను. కానీ అప్లికేషన్‌లో అడగాలి. అడగనివాళ్లకు ఎవరూ తెచ్చి ఇవ్వరు.

భర్త మరణ ధ్రువీకరణ పత్రం, పిల్లల ఆధార్ దగ్గర పెట్టుకోండి. అందరూ షాపులో వేలిముద్ర వేసి ఈకేవైసీ పూర్తి చేసుకోండి. ఎక్కడైనా ఆగితే 1967కు ఫోన్ చేసి కంప్లయింట్ నంబర్ తీసుకోండి.

వలస పక్షి (పలాస, ఇప్పుడు హైదరాబాద్)
ఆగస్టు 6, రాత్రి 10:45

నాది శ్రీకాకుళం జిల్లా. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని. నా పేరు ఊళ్లో అమ్మ కార్డులో ఉంది. ఒకే దేశం ఒకే కార్డు పద్ధతిలో నా వాటా ఇక్కడి షాపులో తీసుకోవచ్చని మేస్త్రీ చెబితే తెలిసింది. అమ్మ వాటా అమ్మ ఊళ్లో తీసుకుంటుంది. రెండేళ్లు నేను గదిలో బియ్యం కొనుక్కున్నాను, ఇది తెలియకే. వేరే రాష్ట్రంలో తీసుకుంటే కేంద్రం ఇచ్చే 5 కిలోలే వస్తాయి. సొంత రాష్ట్రం లోపలైతే ఏ షాపుకైనా వెళ్లొచ్చు, ఊరి షాపుకే వెళ్లాలని లేదు.

చద్దికుండ (రాజోలు)
ఆగస్టు 7, ఉదయం 5:50

మీరు కంట్రోల్ బియ్యం అంటారు, మేం కోటా బియ్యం అంటాం. ఎన్టీ రామారావు గారు 1983లో రెండు రూపాయలకు కిలో ఇచ్చినప్పుడు నేను కొత్త కోడల్ని. ఆ బియ్యంతోనే ఆరుగురు మరుదుల్ని, ఆడపడుచుల్ని సాకాం. కాబట్టి అమ్మాయ్, కాస్త వివరంగానే రాస్తాను.

నువ్వు బొంబాయి రవ్వ కొంటున్నానన్నావు. మీ ఊళ్లో అన్ని మిల్లులుండగా ఆ రవ్వ ఎందుకు? నూకలు తెచ్చుకో. కడిగి ఆరబెట్టుకుని ఉప్పుడు పిండి చెయ్యి. గుప్పెడు పెసరపప్పు, జీలకర్ర, కరివేపాకు వేసి, నూకలు గ్లాసుకు నీళ్లు రెండుంపావు పోసి మూతపెట్టు. రెండు చెంచాల నూనె చాలు. పిల్లలకు మధ్యాహ్నం దాకా ఆకలి వెయ్యదు.

రాత్రి అన్నం మిగిలితే పారబోయక నీళ్లు పోసి ఉంచు. పొద్దున మజ్జిగ, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ఎండాకాలం మా ఇంట్లో పెద్దవాళ్లకు అదే టిఫిను. కానీ రాత్రి పదికి పోసింది పొద్దున ఏడుకల్లా తినేయాలి. వాన ముసురుకు, ఎండ వేడికి ఎక్కువసేపు ఉంచితే పులిసి కడుపు నొప్పి వస్తుంది.

పప్పు ముద్దగా చేస్తే తొమ్మిది మందికి అర కిలో కావాలి. అదే పప్పులో సొరకాయ ముక్కలో, తోటకూరో నిండుగా వేస్తే 350 గ్రాములకు సరిపోతుంది. వారానికి మూడు రోజులు అలా, రెండు రోజులు పప్పుచారు. ఒకరోజు వంకాయలో గుప్పెడు ఎండు రొయ్యలు. వంద గ్రాములు వేస్తే కుండంతా రుచి వస్తుంది. ఎండు రొయ్యల తలలు తీసి వేయించాకే కడుగు, లేకపోతే వాసన.

సర్వపిండి
ఆగస్టు 7, ఉదయం 9:00

పెద్దమ్మ చెప్పిన సొరకాయ పప్పు మాట నూటికి నూరు పాళ్లు నిజం. నేను ఇంకోటి చెబుతా. సాయంత్రం పిల్లల చేతికి గుడాలు. బొబ్బర్లు, శనగలు, పెసలు, రోజుకొకటి. రాత్రి నానబెట్టి కుక్కర్‌లో ఉడికించి, ఉప్పు, కారం, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ. పావు కిలో గింజలు నానితే నలుగురు పిల్లలకు కడుపు నిండుతుంది. రోజూ ప్యాకెట్లకు పోయే 40 రూపాయల కంటే తక్కువే, బలం ఎన్నో రెట్లు.

వారానికి రెండు రాత్రులు జొన్న రొట్టెలు చెయ్యి. మూడు రొట్టెలు తిన్న మా ఆయన మళ్లీ పొద్దున దాకా ఆకలి అనడు. అన్నమైతే రెండుసార్లు వడ్డించాలి. కూర లేని రోజు పచ్చిపులుసు, పల్లీల పొడి. పొయ్యి ముట్టించే పనే లేదు.

రాగి ముద్ద (కదిరి)
ఆగస్టు 7, మధ్యాహ్నం 1:15

మా సీమలో బియ్యం ఎప్పుడూ తక్కువే కాబట్టి మాకు సంగటి అలవాటు. ఒక గ్లాసు నూకలు మెత్తగా ఉడికాక రెండు గ్లాసుల రాగిపిండి వేసి కెలికితే ఐదారు ముద్దలు వస్తాయి. దాంతో చెనిగ్గింజల ఊరిబిండి, అంటే పల్లీల పచ్చడి.

ఉలవలు మరిచిపోవద్దు అక్కా. అర కిలో ఉలవలు ఉడికిస్తే ఆ నీళ్లతో రాత్రికి చారు, మిగిలిన గింజలతో పిల్లలకు గుగ్గిళ్లు. ఒక్క పొయ్యి మీద రెండు పూటల తిండి.

కొత్త కాపురం (ఏలూరు)
ఆగస్టు 7, సాయంత్రం 4:40

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా డిపో బియ్యం కడిగితే కొన్ని గింజలు తెల్లగా తేలుతున్నాయి. ప్లాస్టిక్ బియ్యం అని పక్కింటావిడ అంటోంది. నేను రోజూ ఏరి పారేస్తున్నాను. ఇక్కడ ఎవరికైనా అలా వచ్చాయా?

అంగన్‌వాడీ టీచర్ (భువనగిరి)
ఆగస్టు 7, సాయంత్రం 6:20

దయచేసి పారేయకండి! అవి ప్లాస్టిక్ కాదు. బియ్యం పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి మళ్లీ గింజ ఆకారంలో తయారుచేస్తారు. అలా కలిపిన బియ్యంలో వంద కిలోలకు ఒక కిలో లెక్కన అవి ఉంటాయి. రంగులో, బరువులో కొంచెం తేడా ఉంటుంది, అందుకే తేలుతాయి. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లకు, పిల్లలకు పనికొచ్చేది ఆ గింజే. మీరు ఏరి పారేస్తున్నది దాన్నే. ఒకటి రెండు నీళ్లతో తేలిగ్గా కడగండి. గంజి వార్చి పారబోయకండి, వార్చినా ఆ గంజి చారులో పోయండి.

ఇప్పుడు మిర్యాలగూడ అమ్మకు. ఈ పోస్టులన్నీ మొదటి నుంచి చదివాను. నాలుగు విషయాలు అడగాలి. మూడున్నరేళ్ల పాపను అంగన్‌వాడీకి పంపుతున్నారా? అక్కడ మధ్యాహ్నం అన్నం, పప్పు, గుడ్డు పెడతారు. బడికి వెళ్లే ముగ్గురూ బడి భోజనం తింటున్నారా? వారానికి మూడు గుడ్లు అక్కడే వస్తాయి. సర్కారు బడే కదా? ఇక నాలుగోది, మీరు రాయనిది. అందరికీ వడ్డించాక మీరూ, మీ ఆడబిడ్డా ఏం తింటున్నారు?

తొమ్మిది కంచాలు
ఆగస్టు 7, రాత్రి 11:30

సర్కారు బడే మేడమ్. బాబు, మేనల్లుడు తింటారు. పాప ఇంటి నుంచి డబ్బా తీసుకుపోతుంది, క్లాసులో ఆడపిల్లలు చాలామంది తెచ్చుకుంటారని. చిన్నదాన్ని అంగన్‌వాడీలో వేయలేదు, తండ్రి పోయినప్పటి నుంచి తల్లిని వదలడం లేదు.

మీ నాలుగో ప్రశ్నకు రెండుసార్లు రాసి తుడిపేశాను. మామయ్య, మా ఆయన, పిల్లలు, అత్తమ్మ తిన్నాక మేమిద్దరం కూర్చుంటాం. అప్పటికి కూర గిన్నెలో అడుగున ఉంటుంది. ఒక్కోసారి ఉండదు. మామిడికాయ తొక్కు వేసుకుంటాం. గుడ్లు పిల్లలకు, మగవాళ్లకు. అన్నం మాత్రం ఎప్పుడూ ఉంటుంది. మేం పస్తులేం లేం.

మా ఆడబిడ్డకు ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది.

అంగన్‌వాడీ టీచర్
ఆగస్టు 8, ఉదయం 6:05

అమ్మా, ముందు మీరిద్దరూ దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. ఖర్చు లేదు. ఐరన్ మాత్రలు ఇస్తారు. దీన్ని వాయిదా వేయకండి.

తొమ్మిదిమంది ఉన్న ఇంట్లో కొరత ఎవరి మీద పడుతుందో నేను పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నాను. బరువు తూచేది పిల్లలను, కానీ తల్లి చేతిని చూస్తే తెలిసిపోతుంది. ఇంట్లో ఎవరూ కావాలని చేయరు. మీ మామయ్యకు, మీ ఆయనకు గిన్నె ఖాళీ అయిందని కూడా తెలియదు, ఎందుకంటే వాళ్లు లేచాకే అది ఖాళీ అవుతుంది. కాబట్టి కూర దించగానే, ఎవరూ కూర్చోకముందే, తొమ్మిది గిన్నెల్లో పంచండి. పప్పు కూడా. మీ ఇద్దరి గిన్నెలు పక్కన మూతపెట్టండి. చివర తిన్నా సరే, మీ వాటా మీకు ఉంటుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పెద్దవాళ్లకు రోజుకు 85 గ్రాముల పప్పులు, లేదా వాటి బదులు గుడ్డు, మాంసం ఉండాలంటారు. తొమ్మిదిమందికీ అదే లెక్క వేసి అన్నీ పప్పులే అనుకుంటే నెలకు 23 కిలోలు. మీ బడ్జెట్‌లో అది కుదరదు, నాకు తెలుసు. కానీ ఇప్పుడున్న 5 కిలోల నుంచి, గుడాలు, పల్లీలు, మీల్ మేకర్ అన్నీ కలిపి పదికి చేరవచ్చు. మీల్ మేకర్ వంద గ్రాముల్లో సగం ప్రొటీనే, నానితే గిన్నె నిండుతుంది. మునగాకు ఊళ్లో ఎవరి పెరట్లోనైనా ఊరికే దొరుకుతుంది. నెలకు ఒకసారి చికెన్ బదులు కార్జం తెచ్చుకోండి, చికెన్ కంటే చవక, రక్తానికి మంచిది.

బడ్జెట్ బాబు (విజయవాడ)
ఆగస్టు 8, ఉదయం 9:20

పాలు 2,700 అంటే మొత్తంలో నాలుగో వంతు. అందులో ఎక్కువ టీకే పోతుంది. పెద్దవాళ్ల టీ పూర్తిగా మానిపించి పిల్లలకు మాత్రం అర లీటరు ఉంచితే 1,800 మిగులుతుంది. ఒక్క దెబ్బతో అప్పు దాదాపు ఆగిపోతుంది. ఇన్ని వంటకాలు అవసరమే లేదు.

చద్దికుండ
ఆగస్టు 8, ఉదయం 10:00

బాబూ, నువ్వు చెప్పింది లెక్కకు సరిపోతుంది, ఇంటికి సరిపోదు. డెబ్బై ఏళ్ల మనిషికి పొద్దున్నే ఆ గ్లాసుడు టీ ఒక్కటే సంతోషం. కోడలు వచ్చి మామగారి టీ ఆపేస్తే రేపు ఆ ఇంట్లో ఏ మాటా చెల్లదు. మూడుసార్లు తాగేవాళ్లు రెండుసార్లు తాగితే చాలు. లీటరుకు దించు. మిగిలిన పాలల్లో నుంచే తోడేసి మజ్జిగ చెయ్యి.

బడ్జెట్ బాబు
ఆగస్టు 8, ఉదయం 10:35

సరే పెద్దమ్మా, మీరన్నది ఒప్పుకుంటాను. లీటరుకు దించినా 900 మిగులుతుంది.

సర్వపిండి
ఆగస్టు 8, మధ్యాహ్నం 3:00

కూరగాయలకు ఒక మాట. మీ ఊళ్లో సంత రోజున కానీ, రైతు బజారుకు కానీ సాయంత్రం మూసే ముందు వెళ్లు. ఆకుకూర కట్టలు, టమాటాలు సగానికి ఇస్తారు. ఆర్టీసీ బస్సులో మన ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, ఆటోకు పెట్టకు. మెత్తబడ్డ టమాటాలు అదే రాత్రి ఉప్పు, చింతపండు వేసి మగ్గపెడితే వారం దాకా పచ్చడి. గోంగూర దొరికినప్పుడు ఎక్కువే తెచ్చుకో.

పాత డీలర్
ఆగస్టు 8, రాత్రి 8:10

ఎవరో ఒకరు అడిగేలోపు నేనే చెబుతాను. ఈ లెక్కలు చూసి, జొన్నలకు మారాక మిగిలిన బియ్యం ఇంటి ముందుకొచ్చే బండివాడికి అమ్ముదామని అనిపించవచ్చు. అమ్మొద్దు. అది నేరం, పైగా కిలోకు పది, పన్నెండు ఇస్తారు. అవే బియ్యం నెలాఖరుకు 48 పెట్టి కొంటాం. మిగిలితే దాచుకోండి. 2025 జూన్‌లో మూడు నెలల బియ్యం ఒకేసారి ఇచ్చినప్పుడు చాలా ఇళ్లలో పురుగు పట్టింది. ఒకసారి నీడలో ఆరబోసి, ఎండిన వేపాకు, ఎండుమిర్చి వేసి, గట్టి మూత డబ్బాలో పోయండి. తడి చేయి పెట్టవద్దు.

తొమ్మిది కంచాలు
సెప్టెంబర్ 9, రాత్రి 9:15

నెల దాటింది. అందరికీ లెక్క చెప్పాలని కూర్చున్నాను.

బియ్యం 10 కిలోలే కొన్నాం. నూకలు ఆరు కిలోలు, జొన్నలు ఎనిమిది కిలోలు. మూడూ కలిపి 968. పాలు లీటరుకు తగ్గించాం, 1,800. మామయ్యకు నేను చెప్పలేదు, మా ఆయనే చెప్పాడు. "సాయంత్రానిది నాకు వద్దులే, పిల్లలకు పోయండి" అన్నాడట. కూరగాయలు 1,600 అయ్యాయి. నూనె ఆరు ప్యాకెట్లు. పప్పు ఆరున్నర కిలోలు తెచ్చాం, గుడ్లు మూడు ట్రేలు. గుడాలకు గింజలకు 300. ప్యాకెట్లు ఆదివారం ఒక్కరోజే, నెలకు 100. మిగతావి పాతలాగే 1,500. మొత్తం దాదాపు 8,500 దగ్గర ఆగింది. మా ఆయన షాపాయనకు 500 కట్టి వచ్చాడు. ఆయన కుర్చీ వేసి చాయ్ తాగించాడట. బాబాయ్, మీరన్నట్టే అయింది.

పాప బడిలోనే తింటోంది. మొదటి వారం అలిగింది. ఆ తర్వాత పక్క బెంచీ పిల్ల కూడా డబ్బా మానేసి ఈమెతో కూర్చుంటోంది. చిన్నది అంగన్‌వాడీలో రెండు వారాలు ఏడ్చింది. ఇప్పుడు గుడ్డు పెట్టే వేళకు తలుపు దగ్గరే నిలబడుతుందని టీచరు చెప్పింది.

ఉలవచారు మా బాబుకు అస్సలు నచ్చలేదు. రాగి సంగటి మామయ్యకు నచ్చింది, మా ఆయనకు నచ్చలేదు. జొన్న రొట్టెలు అందరూ తింటున్నారు.

పరీక్ష చేయించుకున్నాం మేడమ్. నాకు 10.4, ఆడబిడ్డకు 8.1 వచ్చింది. ఆమెకు మాత్రలు ఇచ్చారు, నెల తర్వాత మళ్లీ రమ్మన్నారు. తొమ్మిది గిన్నెలు పెడుతున్నాను. మొదటిరోజు అత్తమ్మ "ఇదేంటి కొత్తగా" అంది. నేను ఆ రిపోర్టు చేతికిచ్చాను. ఆమెకు చదువు రాదు, మనవరాలితో చదివించుకుంది. మర్నాడు నేను స్నానానికి వెళ్లి వచ్చేసరికి ఆమే తొమ్మిది గిన్నెల్లో పంచి, కూతురి గిన్నెలో గుడ్డు వేసి ఉంచింది. నా దాంట్లో కూడా.

అంగన్‌వాడీ టీచర్
సెప్టెంబర్ 9, రాత్రి 9:40

8.1 అంటే బాగా తక్కువమ్మా. మాత్రలు భోజనం అయ్యాక చాయ్‌తో కాకుండా నిమ్మకాయ నీళ్లతో వేయించండి. చాయ్ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. మలం నల్లగా వస్తే భయపడొద్దు, మాత్రలు మానొద్దు. ఆయాసం ఎక్కువైతే నెల దాకా ఆగకుండా వెంటనే తీసుకెళ్లండి.

పాత డీలర్
సెప్టెంబర్ 10, ఉదయం 7:20

కార్డు సంగతి ఏమైంది?

తొమ్మిది కంచాలు
సెప్టెంబర్ 10, మధ్యాహ్నం 1:50

డిలీషన్‌కు పెట్టాం సార్. ఇంకా కాలేదు. దానికంటే ముందు మా ఆడబిడ్డ ధైర్యం చేసి వాళ్ల మామయ్యకు ఫోన్ చేసింది. ఆయన "పిల్లల బియ్యం మేం తింటామా బిడ్డా, నువ్వు అడుగుతావనే ఆగాను" అన్నాడు. మొన్న శనివారం బస్సులో 18 కిలోల మూట వేసుకుని ఆయనే వచ్చాడు. మనవళ్లను చూసి చాలాసేపు కూర్చున్నాడు. ఆ రోజు పదో గిన్నె పెట్టాను.

సర్వపిండి అక్కా, గోంగూర ఈ వారం కట్ట ఐదు రూపాయలకే దొరుకుతోంది. పన్నెండు కట్టలు తెచ్చాను. నూనె ఎక్కువ పట్టకుండా రెండు నెలలు నిలవ ఉండాలంటే ఎండబెట్టి పెట్టుకోవచ్చా, లేక ఉప్పులో ఊరబెట్టాలా?

సర్వపిండి
సెప్టెంబర్ 10, మధ్యాహ్నం 2:30

ఎండబెట్టు చెల్లె. ఆకు తుంచి, కడిగి, తడి పూర్తిగా ఆరాక నీడలో రెండు రోజులు, తర్వాత ఒక్క ఎండ. చేత్తో నలిపితే పొడి కావాలి. డబ్బాలో పోసి పప్పులో ఎప్పుడు కావాలంటే అప్పుడు గుప్పెడు వేసుకో. నాలుగు కట్టలు మాత్రం ఈ రోజే పచ్చడి చేసెయ్యి, రొట్టెలోకి బాగుంటుంది.